కళ్లజోడు వెనక ఏడాది చదువు

రెటినోస్కోపు చూడటానికి టార్చిలైటంతే ఉంటుంది. పట్టుకోవడానికి పిడి, పైన చిన్న తల, ఆ తలలో ఒక బల్బు, ఒక అద్దం, వెనకవైపు కన్ను ఆనించి చూడటానికి సన్నని రంధ్రం. వెలిగిస్తే సన్నటి గీతలా వెలుగు పడుతుంది. గదిలో లైటు తగ్గించి, ఎదుటి మనిషి కంటిపాప మీద ఆ గీతను అటూ ఇటూ ఆడిస్తారు. కంటి లోపలి నుంచి ఎర్రటి మెరుపు ఒకటి తిరిగొస్తుంది. అది ఎటు కదులుతోందో చూసి ఆ కంటికి ఎంత పవరు కావాలో చెప్పేస్తారు. కుర్చీలో కూర్చున్నవాళ్లు నోరు విప్పక్కర్లేదు, అక్షరాలు వచ్చి ఉండక్కర్లేదు. మూడేళ్ల పిల్లాడైనా, మాట పడిపోయిన ముసలాయనైనా ఒకటే.

పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేసేది సాధారణంగా డాక్టరు కాదు. పరీక్ష చేసే అమ్మాయి తెల్లకోటు వేసుకుంది కాబట్టి మనం ఆమెను డాక్టరమ్మ అనుకుంటాం. ఆమె ఇంటర్ చదివి, తర్వాత ఏడాదో రెండేళ్లో ఈ పనిలో శిక్షణ పొంది ఉంటుంది, అంతే. ఆ చేతిలోని పనితనం గురించి ఇక్కడ చెప్పాలని ఉంది. ఆ చేతిని తయారుచేసిన చదువులోని పనితనం గురించి మరీ చెప్పాలని ఉంది. మన బళ్లలో ‘వృత్తివిద్య’ పేరుతో ఇన్నేళ్లుగా జరుగుతున్న తంతు చూసినవాళ్లకు ఆ రెండోది చిన్న విషయంగా కనిపించదు.

గుంటూరు–విజయవాడ జాతీయ రహదారి మీది పెదకాకాని చుట్టుపక్కల జిల్లాల వాళ్లకు భ్రమరాంబా మల్లేశ్వరస్వామి గుడితో, రాహుకేతు పూజలతో, బాజీబాబా దర్గాతో తెలిసిన ఊరు. 2004 నుంచి శంకర కంటి ఆసుపత్రి కూడా ఆ వరసలో చేరింది. కోయంబత్తూరులో డాక్టర్ ఆర్.వి. రమణి దంపతులు 1977లో చిన్న వైద్యకేంద్రంగా మొదలుపెట్టిన సేవకు ఇది ఆంధ్రలో మొలిచిన కొమ్మ. వందమందిలో డబ్బు కట్టగలిగిన ఇరవై మంది ఇచ్చేదానితో కట్టలేని ఎనభై మందికి ఉచితంగా వైద్యం చేయడం వాళ్ల పద్ధతి. ఊళ్లలో శిబిరం పెట్టి, శుక్లాలున్నవాళ్లను ఏరి, ఆసుపత్రికి తీసుకొచ్చి, ఆపరేషను చేసి మళ్లీ ఊరికి చేర్చడం ఆ సంస్థ దేశమంతా చేసే పని.

ఇలాంటి ఆసుపత్రికి వచ్చిన ముసలమ్మ కన్ను సర్జను కత్తి కిందికి చేరేలోపు ఎన్ని చేతులు దాటాలో మనం లెక్కపెట్టుకోం. ఒకరు చూపు పరీక్షిస్తారు. ఒకరు కంట్లో ఒత్తిడి కొలుస్తారు. కన్నీటి నాళం మూసుకుపోయిందేమో ఒకరు నీళ్లు పట్టి చూస్తారు. బీపీ, షుగరు సరే. కంటి పొడవు కొలిచి లోపల పెట్టే లెన్సు పవరు ఒకరు తేలుస్తారు. పాప పెద్దదవడానికి చుక్కలు ఒకరు వేస్తారు. ఆపరేషను పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. దానికి ముందూ వెనకా ఉన్న పనంతా ఈ చేతులదే.

మధురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో పదకొండు మంచాలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టినప్పటి నుంచీ దక్షిణాదిలో ఈ సంగతి మీద స్పష్టత ఉంది. సర్జను చేయక తప్పని పని కొంతే. మిగతాదాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను తప్పులేకుండా చేసేలా పల్లెటూరి ఆడపిల్లలకు నేర్పితే అదే సర్జను ఎన్నో రెట్ల మందికి చూపు ఇవ్వగలడు. అరవింద్ వాళ్లు పన్నెండో తరగతి పాసైన ఊళ్ల అమ్మాయిలను తీసుకుని రెండేళ్లు నేర్పుతారు. ఆసుపత్రి సిబ్బందిలో పెద్ద భాగం వాళ్లే.

మన తెలుగు నేల మీద ఇదే ఆలోచనను ఆసుపత్రి గోడలు దాటించి ఊళ్లోకి తెచ్చినవాడు గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్న డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు. అమెరికాలో పనిచేసి తిరిగొచ్చి 1987లో హైదరాబాదులో కంటి సంస్థ పెట్టారు. దానికి స్థలమూ, మొదటి పెద్ద విరాళమూ ఇచ్చిన సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ పేరే పెట్టారు. ఆ సంస్థ వాళ్లు 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక సర్వే చేశారు. హైదరాబాదుతో పాటు పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మంది కళ్లు పరీక్షించారు. నూటికి 1.84 మంది చూపులేనివాళ్లని తేలింది. అందులో 44 శాతానికి కారణం శుక్లాలు. అది ఊహించిందే. తర్వాతి అంకె దగ్గరే మనిషి ఆగిపోతాడు: 16.3 శాతం మందికి కారణం సరైన కళ్లజోడు లేకపోవడం. గుడ్డివాళ్లుగా లెక్కలోకి వచ్చిన ప్రతి ఆరుగురిలో ఒకరికి దాదాపుగా కావలసింది రెండు గాజుముక్కలూ ఒక ఫ్రేమూ!

ఈ పనికి ఏళ్ల తరబడి చదివిన నేత్రవైద్యుణ్ణి ప్రతి మండలానికీ పంపలేం. పంపినా ఉండడు. అందుకని వాళ్లొక మెట్ల వ్యవస్థ కట్టారు. సుమారు యాభైవేల జనాభాకు ఒక విజన్ సెంటరు. పది విజన్ సెంటర్లకు ఒక చిన్న ఆసుపత్రి. ఆ పైన పెద్ద ఆసుపత్రి. అన్నిటి కింద, జనానికి దగ్గరగా, విజన్ సెంటర్లో కూర్చునేది విజన్ టెక్నీషియను. ఇంటర్ పాసై ఉండాలి, ఆ చుట్టుపక్కల ఊరివాళ్లై ఉండాలి. ఏడాది శిక్షణ. మొదట పాఠం, ఆ వెంటనే ఆసుపత్రిలో పని, ఆపైన పెద్దవాళ్ల పర్యవేక్షణలో సొంతంగా. తర్వాత సొంత ప్రాంతంలోనే ఉద్యోగం. ఎంపికలో ‘చుట్టుపక్కల ఊరి’ అనే షరతును నేను మార్కులకన్నా ముందు పెడతాను. బదిలీ కోసం ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకు తిరిగే అవసరం ఆ పిల్లకు ఉండదు. పరీక్షకొచ్చిన ముసలమ్మకు ఆమె ఫలానావాళ్ల మనవరాలిగానే తెలుసు.

ఇక ఆ ఏడాదిలో ఏం నేర్పుతారో, ఎలా నేర్పుతారో దగ్గరగా చూద్దాం.

మళ్లీ రెటినోస్కోపు దగ్గరికే వెళ్లాలి. పరీక్ష చేసే అమ్మాయి రోగికి ఎదురుగా, కాస్త పక్కకు జరిగి కూర్చుంటుంది. రోగిని దూరంగా గోడవైపు చూడమంటుంది. తన కుడికన్నుతో ఎదుటివాళ్ల కుడికన్ను, ఎడమకన్నుతో ఎడమకన్ను చూస్తుంది. ఒక చేతిలో స్కోపు, రెండో చేయి లెన్సుల పెట్టె మీద. గీతను నిలువుగా పెట్టి అడ్డంగా ఆడిస్తుంది. లోపలి మెరుపు గీతతో పాటే అదే వైపు కదిలితే ప్లస్ లెన్సు వేయాలి. ఎదురు కదిలితే మైనస్. వేస్తూ పోగా ఒకచోట మెరుపు కదలడం మానేసి కంటిపాప నిండా ఒక్కసారి వెలిగి ఒక్కసారి ఆరుతుంది. దాన్ని న్యూట్రల్ అంటారు. తర్వాత గీతను అడ్డంగా తిప్పి నిలువుగా ఆడించి చూస్తుంది. రెండువైపులా ఒకే పవరు దగ్గర న్యూట్రల్ వస్తే మామూలు సైటు. వేర్వేరుగా వస్తే సిలిండర్ ఉందన్నమాట, అప్పుడు దాని యాక్సిస్ ఏ కోణంలో ఉందో కూడా పట్టుకోవాలి.

ఇప్పుడు అసలు కిటుకు. ఆ అమ్మాయి కూర్చున్నది రోగికి దాదాపు 66 సెంటీమీటర్ల దూరంలో. అంటే మీటరులో మూడింట రెండు వంతులు. లెన్సు పవరును కొలిచే డయాప్టర్లలో ఆ దూరానికి లెక్క 1.50. న్యూట్రల్ వచ్చిన పవరులోంచి దాన్ని తీసేయాలి. ప్లస్ 0.50 దగ్గర న్యూట్రల్ వచ్చిందనుకోండి, అసలు పవరు మైనస్ 1.00. మరి 66 సెంటీమీటర్లు ప్రతిసారీ టేపు పెట్టి కొలుస్తారా? కొలవరు. చేయి చాస్తే లెన్సు రోగి కంటి ముందుకు చేరాలి, ఆ చాచిన చేయే కొలత. అలసిపోయి కొంచెం ముందుకు వంగి యాభై సెంటీమీటర్ల దగ్గర కూర్చుంటే తీసేయాల్సింది 1.50 కాదు, 2.00. అలవాటు ప్రకారం ఒకటిన్నరే తీసేస్తే అర డయాప్టరు తప్పు. ఒంగిన నడుము ఎదుటివాడి కళ్లజోడులో తేలుతుంది. శిక్షణ మొదటి నెలల్లో పిల్లల భుజాలూ వీపూ సరిచేస్తూ ఉండేది ఇందుకే. బళ్లో డ్రిల్లు మాస్టారు నిటారుగా కూర్చోమంటే కారణం చెప్పేవారు కాదు, ఇక్కడ కారణం డయాప్టర్లలో ఉంది.

ఈ ఒకటిన్నర ఎక్కడి నుంచి వచ్చింది? పదో తరగతి భౌతికశాస్త్రంలోంచి. ‘మానవుని కన్ను – రంగుల ప్రపంచం’ అని మన పిల్లలు బట్టీపట్టే పాఠం ఒకటుంది. కటక సామర్థ్యం అంటే మీటర్లలో నాభ్యంతరం తీసుకుని ఒకటిని దానితో భాగించడం. మూడింట రెండుతో ఒకటిని భాగిస్తే ఒకటిన్నర. నాలుగు మార్కుల ప్రశ్నగా పరీక్ష హాల్లో వదిలేసి వచ్చిన సూత్రం ఈ గదిలో చేయి పొడవై కూర్చుంది. శిక్షణ రూపొందించినవాళ్ల పనితనం నాకు బాగా కనిపించేది ఇక్కడే. కొత్త శాస్త్రం బోధించలేదు. బడి ఇచ్చినదాన్నే తీసుకుని, దాని మీద ఒక పనిని నిలబెట్టారు.

మెషీన్లు లేవా అంటారు. ఉన్నాయి. గడ్డం ఆనించి లోపలున్న బొమ్మ చూస్తే క్షణంలో చీటీ వస్తుంది. చిన్నపిల్లల దగ్గర మాత్రం ఆ చీటీని నమ్మి జోడు రాసేయకూడదు. పిల్లల కన్ను లోపలి బొమ్మ కోసం బిగపట్టుకుంటుంది, మెషీను లేని మైనస్ చూపిస్తుంది. చుక్కలు వేసి ఆ బిగువు సడలించి, రెటినోస్కోపుతో చూస్తేనే నిజం బయటపడుతుంది. చీటీ చూసి మాత్రమే జోడు ఇచ్చే దుకాణాలు మన ఊళ్లలో తక్కువేమీ లేవు, ఆ పిల్లలకు తలనొప్పులూ తక్కువ కావు.

రెటినోస్కోపుతో సగం పనే. మిగతా సగం మాటతో. నెదర్లాండ్స్ వైద్యుడు స్నెల్లెన్ 1862లో చేసిన అక్షరాల పట్టిక ఇప్పటికీ గోడ మీదే ఉంది. ఆరు మీటర్ల దూరం కావాలి, గది చాలకపోతే అద్దం పెట్టి మూడు మీటర్లను ఆరు చేస్తారు. చదువు రానివాళ్లకు నాలుగు దిక్కులకు తిరిగిన ‘ఈ’ అక్షరం. దాని మూడు కాళ్లు ఎటున్నాయో చేతివేళ్లతో చూపిస్తే చాలు. పల్లెటూరి పెద్దవాళ్లు మొదట్లో సిగ్గుపడతారు, తప్పు చెబితే ఏమనుకుంటారో అని. ఇంకొందరు డాక్టరమ్మను సంతోషపెట్టాలని ప్రతి లెన్సుకూ ‘బానే ఉందమ్మా’ అంటారు. అందుకే నేర్పేటప్పుడు ప్రశ్న ఎలా వేయాలో కూడా నేర్పుతారు. ‘బాగుందా?’ అని అడగకూడదు. ఒక లెన్సు పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, ‘మొదటిదా, రెండోదా?’ అనాలి. మొహమాటానికి చోటు లేకుండా చేసే ప్రశ్న అది. రెండూ ఒకటే అంటే సరైన పవరుకు దగ్గరపడ్డట్టే. జనాభా లెక్కల నుంచి తల్లిదండ్రుల సమావేశాల దాకా మనకు ప్రశ్న వేయడం వచ్చిన మనుషులు ఎంత తక్కువో గుర్తొస్తే ఈ ఒక్క పాఠానికైనా ఏడాది ఫీజు కట్టొచ్చనిపిస్తుంది.

పవరు తేలాక జోడు తయారీ. రెండు కంటిపాపల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలవాలి. లెన్సు మధ్యబిందువు సరిగ్గా పాప ఎదురుగా రావాలి. ఐదు డయాప్టర్ల లెన్సు రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే ఒక ప్రిజమ్ డయాప్టరు తేడా వస్తుంది. అంటే ఆ కన్ను చూసే బొమ్మ మీటరు దూరంలో సెంటీమీటరు పక్కకు జరిగినట్టు. రెండు కళ్లూ దాన్ని కలుపుకోవడానికి రోజంతా పెనుగులాడాలి. జోడు పెట్టుకుంటే తల తిరుగుతోందని అటకెక్కించిన జోళ్లలో కొన్నిటి చరిత్ర ఇంతే. అద్దాన్ని గుర్తుపెట్టి, అంచు అరగదీసి, ఫ్రేములో బిగించే పని చూడటానికి బంగారప్పనివాళ్ల కొట్టు ముందు కూర్చున్నంత ఆసక్తిగా ఉంటుంది. ఒక్కసారి ఎక్కువ అరిగితే అద్దం పోయినట్టే, వెనక్కి పెరగదు.

శుక్లం ఆపరేషనుకు ముందు చేసే బయోమెట్రీలో ఇంకా గట్టి లెక్క. కంటి పొడవు మామూలుగా 23, 24 మిల్లీమీటర్లు. కొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే లోపల పెట్టే లెన్సు రెండున్నర నుంచి మూడు డయాప్టర్లు తప్పుతుంది. అల్ట్రాసౌండ్ ప్రోబును కంటికి ఆనించి కొలిచేటప్పుడు కొంచెం నొక్కితే చాలు, కన్ను లోపలికి ఒత్తుకుని పొట్టిగా కనిపిస్తుంది, లెన్సు పవరు ఎక్కువ పడుతుంది, ఆపరేషనయ్యాక రోగికి దూరం కనిపించదు. సర్జను ఎంత గొప్పవాడైనా ఆ తప్పును కత్తితో దిద్దలేడు. ఆనీ ఆననట్టు ఆనించడం అనే ఆ వేలికొసల విద్య పుస్తకంలో రాదు. పక్కన అక్కయ్య ఎవరో కూర్చుని ‘చేయి తేలిక చెయ్, ఇంకా తేలిక’ అంటూ ఉండాలి. ఒకే కంటికి కొలతలు మళ్లీ మళ్లీ తీసి, అవి ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో చూసుకోవాలి. సరిపోనివి కొట్టేయాలి.

ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే. విజన్ టెక్నీషియను మందులిచ్చే డాక్టరు కాదు. లెన్సులు మార్చినా చూపు పెరగకపోతే, కంట్లో ఒత్తిడి ఎక్కువుంటే, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ ఉంటే, షుగరు రోగి అయితే పై ఆసుపత్రికి పంపాలి. ‘నాకు తెలియదు’ అని రాసి సంతకం పెట్టడం నేర్పే చదువులు మన దగ్గర ఎన్ని ఉన్నాయో వెతుక్కోవాలి.

బళ్ల సంగతికొస్తాను. చేతిపనిని చదువులో కలపాలన్న కోరిక ఈ నేలకు కొత్తది కాదు. బందరులో 1910లో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో నేత, వడ్రంగం, చిత్రలేఖనం నేర్పారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు 1922లో శారదా నికేతనం పెట్టి ఆడపిల్లలకు భాషతో పాటు చేతిపనులూ నేర్పించారు. గాంధీ వార్ధా పథకం 1937. తర్వాత కొఠారీ కమిషను, 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ, దాని ఫలంగా బళ్లోకి వచ్చిన సమాజోపయోగ ఉత్పాదక పని. నా తరంవాళ్లకు ఆ పీరియడు బాగా గుర్తుంటుంది: కొవ్వొత్తులు, సుద్దముక్కలు, అట్టతో ఇళ్లు, ఊలు పూలు. ఆ కొవ్వొత్తి వెలిగిందో లేదో ఎవరూ చూడలేదు. కరెంటు పోతే ఎవరింట్లోనూ అది వెలిగించలేదు. మార్కులు మాత్రం అందరికీ వచ్చాయి.

తేడా అంతా అక్కడుంది. పని నేర్పుతున్నామని చెప్పే చదువుకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే: విద్యార్థి చేసిన తప్పు ఎంతసేపట్లో, ఎవరి దగ్గర బయటపడుతుంది? ఊలు పువ్వు తప్పు ఎప్పటికీ బయటపడదు. రెటినోస్కోపీ తప్పు ఐదు నిమిషాల్లో స్నెల్లెన్ చార్టు ముందు బయటపడుతుంది. కింది వరస చదవలేకపోయిన మనిషి ఎదురుగానే ఉంటాడు. ఇంటర్ వృత్తివిద్యా కోర్సులు ఉమ్మడి రాష్ట్రంలో 1980ల నుంచే ఉన్నాయి. ఇప్పుడు తొమ్మిదో తరగతి నుంచే సమగ్ర శిక్ష కింద కొన్ని బళ్లలో వ్యవసాయం, ఎలక్ట్రానిక్స్, కుట్టుపని, ఆరోగ్యం వగైరా చెబుతున్నారు. పాఠ్యప్రణాళికలు బాగానే ఉంటాయి. పిల్లలు చేసినదాన్ని వాడుకునే మనిషి మాత్రం తరగతి గదిలో ఉండడు. గుంటూరు పక్కనే లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, అది నడిపే పాలిటెక్నిక్‌లలో పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా చదువుకున్న పిల్లలు ఈ విషయంలో నయం. నారు చస్తే చచ్చినట్టు కనిపిస్తుంది.

పెదకాకానికి ఈ కంటి విద్యతో ఇంకో లంకె ఉంది. ఇది మిర్చి, పత్తి పండే నేల. కల్లాంలో ఆరబోసిన కాయల్లోంచి తాలు ఏరడం, రంగు పోయిన కాయ పక్కన పెట్టడం, తొడిమ తీయడం – ఈ పనులు చేసేది దాదాపుగా ఆడవాళ్లు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి గుప్పెడు కాయలు తీసి చూసేవాడు ధర కట్టేది ఆ ఏరడం మీదే. నలభై దాటితే ఎవరికైనా చత్వారం వస్తుంది. చదువుకున్నవాళ్లు పేపరు దూరం పెట్టుకుంటారు, తెలిసిపోతుంది. కాయలు ఏరే ఆమె చదవదు కాబట్టి తనకు చత్వారం వచ్చిందని తనకే తెలియదు. చేయి నెమ్మదించిందని, వయసైపోయిందని అనుకుంటుంది. మేస్త్రీ కూడా అదే అనుకుంటాడు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది మీద ఒక పరిశోధన జరిగింది, 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. దగ్గరి చూపు జోడు ఇచ్చినవాళ్లు ఇవ్వనివాళ్లకన్నా సుమారు 22 శాతం ఎక్కువ ఆకు కోశారు. తేయాకు చిగురు కోయడానికీ తాలుకాయ ఏరడానికీ కంటి దృష్ట్యా పెద్ద తేడా లేదు. ప్లస్ ఒకటి నుంచి రెండున్నర దాకా ఉండే ఆ జోడు ఖరీదు ఆమె కూలితో పోలిస్తే కొద్దిరోజులది. పిల్లలకు స్థానికంగా ఏ ఉద్యోగాలు ఉన్నాయని మనం వెతుకుతూ ఉంటాం. ఊరికి ఏం తక్కువైందో ముందు చూస్తే ఉద్యోగం దానంతట అదే కనిపిస్తుంది.

మెచ్చుకున్నాక లోపం కూడా చెప్పాలి. ఈ శిక్షణలో చేరిన అమ్మాయికి పై మెట్టు ఏమిటన్నది ఇంకా తేలలేదు. ఆప్టోమెట్రీ అంటే నాలుగేళ్ల డిగ్రీ. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం కేంద్రం ప్రత్యేక చట్టమే తెచ్చింది, ఆ రంగంలో డిగ్రీలకు, నమోదుకు విలువ పెరుగుతోంది. అది మంచిదే. అయితే ఏడాది శిక్షణతో పదేళ్లు పనిచేసి వేల కళ్లు చూసిన చేయి, మొదటి సంవత్సరం విద్యార్థి పక్కన కూర్చుని మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాలా? ఆ అనుభవానికి కొన్ని సెమిస్టర్ల విలువ కట్టే ఏర్పాటు ఉండాలి. లేకపోతే తెలివైన పిల్లలు ఈ గది వంక చూడరు. వాళ్ల తల్లిదండ్రులు అసలే చూడనివ్వరు. మండలంలోనే ఇంజినీరింగు కాలేజీ ఉంది, దంతవైద్య కళాశాల ఉంది, రోడ్డు మీదే నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. వీటి బస్సులు ఇంటి ముందు ఆగుతుంటే ‘టెక్నీషియను’ అనే మాట చిన్నగా వినిపిస్తుంది. ఇంకొకటి, ఈ పనిలోకి ఎక్కువగా ఆడపిల్లలనే తీసుకోవడానికి ఓర్పు, శుభ్రత అని మంచి కారణాలు చెబుతారు. తక్కువ జీతానికి నిలుస్తారన్నది ఎవరూ పైకి చెప్పని కారణం. పనితనానికి తగ్గ జీతం ఇవ్వకుండా పనితనాన్ని పొగిడే వ్యాసాలు నాలాంటివాళ్లు ఎన్ని రాసినా ఏం లాభం?

మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు పథకం మొదట బడిపిల్లల కళ్లే పరీక్షించింది. అలా బళ్లోకి కంటి పరీక్ష ఒకసారి వచ్చింది. పరీక్ష చేయించుకున్న పిల్లలకు, ఆ పరీక్ష చేయడం కూడా ఒక చదువేనని, అది తమలాంటివాళ్లే చదివారని చెప్పినవాళ్లు ఎందరో మరి.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలను పది రోజులు సంచి లేకుండా, ఊళ్లో పనిచేసేవాళ్ల దగ్గర గడపమంది. పెదకాకాని, నంబూరు, వెనిగండ్ల, తక్కెళ్ళపాడు ప్రధానోపాధ్యాయులకు నా మనవి ఇది. ఆ పది రోజుల్లో ఒక పూట కంటి టెక్నీషియన్ను బడికి పిలవండి, లేదా పిల్లల్నే ఒక చిన్న గుంపుగా తీసుకెళ్లండి. ఆసుపత్రి వాళ్లు ఒప్పుకోకపోతే ఊళ్లో కళ్లజోళ్లు చేసే కొట్టయినా ఫర్వాలేదు. ఫిజిక్సు మాస్టారు కూడా వెంట వెళ్లాలి. ఆయన పాఠంలోని ఒకటిన్నర డయాప్టర్లు ఆ గదిలో ఎక్కడున్నాయో పిల్లలకు ఆయనే చూపించాలి. పదో తరగతివాళ్లకైతే దగ్గరి చూపు అచ్చుపట్టిక ఒకటిచ్చి, నలభై సెంటీమీటర్ల తాడు కట్టి ఇంటికి పంపండి. అమ్మ, అమ్మమ్మ, పక్కింటి అత్త ఏ వరస దాకా గుర్తుపడుతున్నారో రాసుకు రమ్మనండి. చదువు రానివాళ్లకు ‘ఈ’ గుర్తుల పట్టిక ఇవ్వండి. గుర్తుపట్టలేనివాళ్ల పేర్లు ఆసుపత్రి శిబిరం వాళ్లకు అందజేయండి. ఇదంతా జనవరిలోపు చేయండి. కల్లాల్లోకి కాయ దిగాక ఆడవాళ్లు దొరకరు.